నెల్లూరు నించి మద్రాసు ప్రైడుకీ క్వీర్ నైట్‌లకీ పొయ్యొచ్చినోళ్లు ఎవరన్నా ఉండారా?

మైపాడు_అల:
అన్నలూ అక్కలూ, నాది నెల్లూరు, 23 ఏళ్లు, ఒక్క చిన్నప్పటి ఫ్రెండుకి తప్ప నా సంగతి ఎవరికీ తెలీదు. జూన్ ఆఖరి ఆదివారం మద్రాసులో మనలాంటి గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్లంతా కలిసి నడిచే ప్రైడు ర్యాలీకి పోవాలని మూడేళ్ల నించి అనుకుంటా ఉండా, ఆ రోజు పొద్దున్నే ఏదో ఒక వంక పెట్టుకోని ఆగిపోతా ఉండా. ఈసారి మాత్రం పోవాల్సిందే. ముందురోజు రాత్రి ఏదన్నా క్వీర్ పార్టీ, అంటే మనోళ్ల పార్టీ, ఉంటే ఒంటరిగా పొయ్యే మగోణ్ణి లోపలికి రానిస్తారా, ఎంత తీసుకుంటారు, అర్ధరాత్రి తిరిగి రావడానికి బండ్లు ఉంటాయా లేక రూము తీసుకోవాలా, ర్యాలీలో ఫొటోలు తీసి పేపర్లో వేస్తే ఎట్టా, తమిళం రాకపోతే ఇబ్బందా, ఇవన్నీ తెలిసినోళ్లు చెప్పండి. ఇంకోటి, డ్రాగ్ షో (మగోళ్లు ఆడవేషం కట్టి స్టేజీ మీద ఆడే షో) కళ్లారా చూడాలని చానా ఆశగా ఉంది, ఫోన్లో చూడ్డమే గానీ ఎదురుగా ఎప్పుడూ చూళ్లా.

గూడూరు_జంక్షన్:
బండ్ల గురించి దిగులు పడబాక. మధ్యాహ్నం పినాకిని రైలు తప్పిపోతే మాధవరం బస్టాండుకి పో, మనవైపు బస్సులన్నీ అక్కణ్ణించే, బెజవాడ పొయ్యే రాత్రి బస్సు ఏది ఎక్కినా నెల్లూర్లో దింపుతాడు, మూడున్నర నాలుగు గంటలు. లేదంటే సూళ్లూరుపేట దాకా లోకల్ రైలు ఉంది. నీకు అసలు ఇబ్బంది వచ్చేది గేటు కాడ. రెండేళ్ల కింద ఒక పబ్బులో మనోళ్ల నైట్ అని పోస్టర్ చూసి, కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకోని, అంత దూరం పోతే గేటు కాడ బౌన్సరు జంటగా వస్తేనే లోపలికి అన్నాడు. ఇది మా నైటే కదన్నా అంటే ఆయనకి అది ఏం నైటో కూడా తెలీదు. పార్టీ పెట్టినోళ్లు ఫోను ఎత్తలా. లోపల పాటలు వినపడతా ఉంటే బయట వానలో అరగంట నిలబడి, ఇంక లాభం లేదని బస్సెక్కి తెల్లారుజామున 4 కి ఇంటికి చేరినా. అందుకని ముందే గెస్ట్‌లిస్టులో పేరు రాయించుకో, పేరు రాసినట్టు మెసేజీ నీ ఫోన్లో ఉండాల. అక్కడ తాగడానికి 21 నిండాల, ఆధార్ చూస్తారు, నీకు పర్వాలా.

ఒంగోలు_గిత్త:
మద్రాసులో నైట్‌లైఫ్ ఏముందబ్బా, ఒళ్లు వేడెక్కేలోపు లైట్లేసి పొమ్మంటారు. సింహపురి రైలు ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. నేను ఆరేళ్లుగా గచ్చిబౌలిలో ఉంటున్నా, ఇక్కడ మనోళ్లు జరిపే వాటిలో నేను పోనిదంటూ లేదు, ఏ పార్టీ ఎవరు పెడుతున్నారో, డీజే ఎవరో నన్ను అడగండి. తాగుడు వద్దనుకుంటే బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నించి నడుస్తోంది, చాయ్, సమోసా తింటా కూర్చోని కవిత్వం, నాటకం, మనోళ్ల మీటింగులు అన్నీ చూడొచ్చు. ఇక్కడ ప్రైడ్ కూడా 2013 నించి ఉంది. తెలుగులో మాట్లాడుకోవచ్చు అదే పెద్ద సుఖం. డ్రాగ్ గురించి మాత్రం నా మాట విను తమ్ముడూ, దానికోసం అంత దూరం పోబాక. అది అమెరికా సరుకు, ఇక్కడ వేసేవాళ్లు కూడా ఇంగ్లీషు పాటలకి పెదాలు కదిలిస్తారు, నాకైతే ఎప్పుడూ మనసుకి ఎక్కలా. మనది కానిది మనం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి?

పొదిలి_రంగస్థలం:
మనది కాదా? ఎవరు చెప్పారు నీకు? మా తాత ముప్పై ఏళ్లు హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కట్టాడు. ముఖానికి అర్దళం పూసుకోని, సవరం పెట్టుకోని, అద్దం ముందు రెండు గంటలు కూర్చునేవాడంట, ఆయన స్టేజీ ఎక్కితే ముందు వరసలో ఆడోళ్లు ఆయన చీరకట్టు చూసి మర్నాడు అట్టా కట్టుకునేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. మీ ఒంగోలుకి పక్కనే బాపట్ల, స్థానం నరసింహారావు గారిది ఆ ఊరే, సత్యభామగా ఆయన నడక కోసం జనం బండ్లు కట్టుకోని పొయ్యేవాళ్లు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ ముందుకి వేసుకుంటే ఆడామగా తేడా తెలిసేది కాదు. ఇంత ఉన్న నేల మీద నిలబడి మగోడు చీర కట్టి ఆడటం అమెరికా సరుకు అంటే నాకు కడుపు మండుద్ది.

ఒంగోలు_గిత్త:
నువ్వు ఆవేశపడబాక. స్త్రీ పాత్ర వేరు, డ్రాగ్ వేరు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే తప్పుగా చూసే రోజులు కాబట్టి మగాళ్లు ఆ పాత్రలు వేశారు. నాటకం అయ్యాక చీర విప్పి పంచె కట్టుకోని, పెళ్లాం పిల్లల కాడికి పొయ్యినోళ్లు వాళ్లు. ఇప్పుడు వాళ్లని తెచ్చి మన లెక్కలో కలిపితే ఆ పెద్దాయన్ల మనవళ్లు ఏమనుకుంటారు? డ్రాగ్‌లో ఆడే మనిషి ఇదిగో నేను అని చెప్పుకోవడానికి ఆడతాడు. పద్యనాటకంలో నటుడు కనపడకూడదు, పాత్రే కనపడాలి. రెండూ ఒకటి అనేవాళ్లకి రెండూ తెలీవు.

పొదిలి_రంగస్థలం:
మనవడు ఏమనుకుంటాడో మనవణ్ణి అడుగు, ఇక్కడే ఉన్నా కదా. మా తాత అట్టాంటోడు అని నేను ఎక్కడ అన్నా? ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు, ఎవరూ అడగలా, ఆయన చెప్పలా. కానీ నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన ట్రంకుపెట్టె తీసి ఆ గిల్టు వడ్డాణం నడుముకి పెట్టుకుంటే మా నాన్న బెల్టు తీశాడు, మా తాత అడ్డమొచ్చి "వాడు బాగున్నాడు, ఉంచు" అన్నాడు. నా బతుకులో నన్ను బాగున్నావని అన్న మొదటి మనిషి ఆయన. బెంగుళూర్లో మొదటిసారి డ్రాగ్ షో చూసినప్పుడు ఆమె మెట్లు దిగతా కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తుకుంది చూడు, అచ్చం మా తాత ఫొటోలో ఉన్నట్టే, అక్కడే ఏడ్చేశా. నీకు మనసుకి ఎక్కకపోతే పో, నాది కాదని మాత్రం అనబాక.

కావలి_స్వేచ్ఛ:
మీ ఇద్దరూ వేషం గురించి కొట్టుకుంటుండారు, సరే. నాకది వేషం కాదు నాయనా, విప్పేసి ఇంటికి పొయ్యేదేం లేదు. గంగమ్మ జాతరకి తిరుపతిలో మగోళ్లు చీరలు కట్టి మాతంగి వేషం వేస్తే పసుపునీళ్లు పోసి దండం పెడతారు, నేను కూడా చూసొచ్చినా, బాగుంటది. అదే చీరతో నేను సోమవారం కూరగాయల మార్కెట్‌కి పోతే పక్కకి జరుగుతారు. హైదరాబాదు గొప్పలు చెప్పిన తమ్ముడికి ఒక మాట. మగోడు ఆడబట్టలతో వీధిలో కనపడినా, పాడినా ఆడినా హిజ్రా అని చెప్పి వారంటు లేకుండా పట్టకపొయ్యే చట్టం 1919 నాటిది మీ హైదరాబాదులో ఉండింది, 2023 జులైలో హైకోర్టు కొట్టేసేదాకా ఉండింది. నువ్వు ఆరేళ్లుగా పార్టీలకి పోతుండావు కదా, ఆ ఆరేళ్లలో సగం పైన మాలాంటోళ్ల నెత్తి మీద అది వేలాడతానే ఉండింది, నువ్వెప్పుడన్నా విన్నావా?
పార్టీల్లో కూడా అంతే. నాకు టీజీ (ట్రాన్స్‌జెండర్) కార్డు ఉంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసి కలెక్టరాఫీసు నించి తెచ్చుకున్నా. అది చూపించినా ఒక చోట గేటు కాడ మీలాంటోళ్లు వద్దు, గెస్టులు ఇబ్బంది పడతారు అన్నారు. ఆ గెస్టులంతా మనోళ్లే! లోపల మా ఫొటో పెట్టి పోస్టర్ వేస్తారు, బయట మమ్మల్ని ఆపుతారు. గూడూరు అన్న వానలో నిలబడ్డది ఒక రాత్రి, మేం నిలబడేది రోజూ.
మద్రాసులో ఒక్కటి మాత్రం నాకు నచ్చుద్ది. మాలాంటి ట్రాన్స్ ఆడోళ్లని తిరునంగై అని మర్యాదగా పిలుస్తారు, ఆఫీసు కాయితాల్లో కూడా అదే మాట. 2008లోనే మాకోసం సంక్షేమ బోర్డు పెట్టారు. కూవాగం ఊరి గుడి పండక్కి పోతే చిత్ర పున్నమికి అరవాన్ దేవుడి పేరున తాళి కట్టించుకోని, తెల్లారి తెంచేసుకోని, తెల్లచీరలో ఏడుస్తారు. నేను నాలుగుసార్లు పోయినా. నైట్‌లైఫ్ అంటే నాకు అదీ.

ఒంగోలు_గిత్త:
అక్కా ఆ చట్టం సంగతి నిజంగా తెలీదు. తెలుసుకోవాల్సింది. కానీ డ్రాగ్ మాట మీద నేను నిలబడే ఉన్నా.

పాత_మద్రాసు:
మీ అందరికంటే ముందునించి ఈ దారి నడిచినవాణ్ణి, ఒంగోలు వాణ్ణే, యాభై దాటాయి. 2009 జూన్ 28న మెరీనాలో మొదటి ప్రైడ్ జరిగితే అందులో నడిచా. మొహానికి రంగుల మాస్కు పెట్టుకున్నా, చేతులు వణుకుతుంటే పక్కన ఎవరో తెలియని అమ్మాయి చెయ్యి పట్టుకుంది. తర్వాత నాలుగు రోజులకి, జులై 2న, ఢిల్లీ హైకోర్టు 377 మీద, అదే మనల్ని నేరస్థులుగా చూసే సెక్షను మీద, మనది నేరం కాదని తీర్పు ఇచ్చింది. ఆఫీసులో టీవీ ముందు నిలబడి ఎవరికీ తెలియకుండా ఏడ్చా. దేశంలో మొదటి నడక ఢిల్లీలో జరిగిందని కుర్రాళ్లు రాస్తుంటారు, తప్పు. 1999 జులై 2న కలకత్తాలో 15 మంది నడిచారు, అదీ మొదటిది. తారీఖు చూడండి, తీర్పుకి సరిగ్గా పదేళ్ల ముందు. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు మళ్లీ నేరం అంది, ఆ రాత్రి మేం ఆరుగురం ఒకరి గదిలో అన్నం కూడా తినకుండా కూర్చున్నాం. 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు నేరం కాదంది, దాని గురించి మీకు చెప్పక్కర్లా. మా రోజుల్లో పబ్బు లేదు, గెస్ట్‌లిస్టు లేదు. బీచ్‌లో చీకటి పడ్డాక భయంభయంగా కలుసుకోవడం, పోలీసు టార్చి పడితే జేబులో ఉన్నదంతా ఇచ్చెయ్యడం. అందుకే గేటు దగ్గర ఆపారని మీరు అంత బాధపడుతుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

గూడూరు_జంక్షన్:
పెద్దాయనా మీరు పడ్డది మాకు తెలుసు, దండం పెడతాం. కానీ మీరు టార్చి చూశారని మేం గేటు బయట నోరు మూసుకోని నిలబడాల్నా? 600 పెట్టి టికెట్ కొన్నా అయ్యా నేను. ఆ నెల నా జీతం 11 వేలు.

పాత_మద్రాసు:
నోరు మూసుకోమని అనలా బాబూ. నా మాట గట్టిగా వచ్చింది, మన్నించు.

పెన్న_ఒడ్డు:
ఇంతసేపు చదివినా, ఆడపిల్లల గురించి ఒక్కరు మాట్లాడలా. పార్టీలన్నీ మగోళ్లవే, వందమందిలో మేం ఐదారుమంది ఉంటాం, దాంట్లో ఇద్దరు ఫ్రెండ్స్‌కి తోడుగా వచ్చినోళ్లు. మాకు రాత్రి బయటికి పోవడమే పెద్ద యుద్ధం, హాస్టల్లో 9 కి గేటు వేస్తారు, ఇంకేం నైట్‌లైఫ్. నాకు దొరికింది పగటి పూట. నుంగంబాక్కం గోథె ఇన్‌స్టిట్యూట్‌లో రీల్ డిజైర్స్ అని మనోళ్ల సినిమాల పండగ జరుగుద్ది, అక్కడ చీకట్లో కూర్చోని ఇద్దరు ముసలి ఆడోళ్ల ప్రేమ కథ చూసినా. లైట్లు వేసేసరికి పక్క సీటమ్మాయి ముక్కు తుడుచుకుంటా ఉంది, నేనూ అంతే. ఇప్పుడు ఆ అమ్మాయీ నేనూ కలిసి నాలుగేళ్లు. తమిళం రాకపోయినా పర్వాలా తమ్ముడూ, సబ్‌టైటిల్స్ ఉంటాయి, ఆమెతో మాట్లాడ్డానికి నేనే నేర్చుకున్నా.
నెల్లూర్లో మా అమ్మావాళ్లు నన్ను ఒక డాక్టరు కాడికి తీసకపోయారు, మార్చేస్తానని ఎనిమిది నెలలు మాత్రలు మింగించాడు, పగలంతా మత్తు, బీకాం రెండో సంవత్సరం పోయింది. 2021లో మదురై నించి పారిపోయొచ్చిన ఇద్దరమ్మాయిల కేసులో మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ గారు అట్టా మార్చే వైద్యమే చెయ్యకూడదని చెప్పారు. ఆ తీర్పు కాయితం ప్రింటు తీసి మా అమ్మకి తెలుగులో చదివి వినిపించినా. నాకు మద్రాసంటే పబ్బు కాదు, అదీ.

చీమకుర్తి_రాయి:
ఫొటోల మాట ఎవరూ పట్టించుకోలా కాబట్టి నేను చెప్తా. 2019లో ర్యాలీలో డప్పు కాడ ఆడతా ఉంటే ఎవరో వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు, నాలుగు సెకన్లు కనపడ్డా, మా పెదనాన్న చూశాడు. రెండు సంక్రాంతులు ఇంటికి పోలా. ఇప్పుడు అమ్మ మాట్లాడుద్ది, నాన్న ఇంకా మాట్లాడడు. మొహం కనపడకూడదంటే మాస్కు పెట్టుకో, కెమెరాలు ఎక్కువగా ఉండే ముందు వరసలో ఉండబాక, మధ్యలో నడువు. అయినా దొరికిపొయ్యే అవకాశం ఉంది, అది తెలిసే పో. నేను ఆడిన ఆ నాలుగు సెకన్లకి మాత్రం నేను బాధపడలా.

పొదిలి_రంగస్థలం:
@కావలి_స్వేచ్ఛ అక్కా నా మాటలు నీకు తగిలి ఉంటే తప్పే. మా తాత సవరం, వడ్డాణం ఇంకా నాకాడే ఉన్నాయి. ఈసారి ప్రైడుకి నేనూ వస్తున్నా. నువ్వు వస్తే వడ్డాణం నీకు ఇవ్వాలని ఉంది.

కావలి_స్వేచ్ఛ:
సవరం వద్దు నాయనా, నా జుట్టు నాకుంది, నడుం దాకా. వడ్డాణం నువ్వే పెట్టుకో. నీకు నేను చీర కడతా, కుచ్చిళ్లు సరిగ్గా రావాలంటే ఒకళ్లు కింద కూర్చోని పట్టుకోవాల. వానవిల్ సుయమరియాదై పేరణి అంటారు తమిళంలో ఆ ప్రైడు ర్యాలీని, వానవిల్ అంటే ఇంద్రధనుస్సు, సుయమరియాదై అంటే ఆత్మగౌరవం. నలగని చీర తీసకరా.

ఒంగోలు_గిత్త:
పొదిలి అన్నా, నువ్వు నడిస్తే నేనూ చూడ్డానికి వస్తా. అప్పుడు కూడా రెండూ వేరే అనే అంటా.

పొదిలి_రంగస్థలం:
రా. వచ్చి అను.

మైపాడు_అల:
అందరికీ దండాలు, రెండుసార్లు చదివినా, చీమకుర్తి అన్న రాసింది మూడుసార్లు. శనివారం పార్టీ ఇంక వద్దనుకున్నా, ఆదివారం ర్యాలీ ఒక్కటే. ముందు రాత్రి రూము సంగతి ఎవరూ చెప్పలా, ఎవరన్నా చెప్పండి.

పెన్న_ఒడ్డు:
ఈ మధ్య ర్యాలీ ఎగ్మూరు వైపే జరుగుతా ఉంది, మొదలయ్యేది ఎండ దిగినాక. రూమెందుకు, పొద్దున రైలెక్కినా మధ్యాహ్నానికి దిగతావు. మేమిద్దరం నెల్లూరు స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద పుస్తకాల కొట్టు కాడ ఉంటాం, పచ్చ చున్నీ నాది. ఆదివారం పొద్దున వంక దొరికితే ముందు నాకు మెసేజీ పెట్టు.