అంజూరాలు పండేది పాస్కాకా (ఈస్టర్‌కా), మట్టల ఆదివారానికా? ఒక కటలాన్ జోలపాటలోని పాదం

మంద్రస్థాయి:
స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఆంద్రేస్ సెగోవియా వాయించిన ‘ఎల్ నోయ్ ద లా మారె’ (తల్లి బిడ్డ) అన్న జోలపాటను కొంతకాలంగా వింటున్నాను. స్పెయిన్‌లో బార్సిలోనా ప్రాంతపు భాష కటలాన్; ఆ భాషలోని జానపద గీతాలలో గిటారిస్టు మిగెల్ ల్యోబెట్ గిటారుకు కూర్చినవాటిలో ఇది అందరూ ఎరిగినదే. నన్ను వేధిస్తున్నది దాని సాహిత్యంలోని ఒక పాదం. అంజూరాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, పండుతాయిలే అని బిడ్డను ఊరడించిన తరువాత, ఫలానా పండుగకు పండకపోతే ఫలానా పండుగకు పండుతాయన్న మాట వస్తుంది. ఆ రెండు పండుగలలో ఏది ముందు చెప్పారో గుర్తు రావడం లేదు. సాహిత్యం లేని వాద్యానికి ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. కాని సెగోవియా వరుసను మళ్ళీ ఎత్తుకునేటప్పుడు, చివరి స్వరానికి ముందు ఒక్క క్షణం చేతిని ఆపి వినేవారిని ఎదురుచూడనిస్తాడు. అక్కడ నాకు ఈ వాయిదా పాదమే వినిపిస్తుంది తప్ప పళ్ళు పెడతామనే మొదటి చరణం వినిపించదు. ఆయన ఏ చరణాన్ని మనసులో పెట్టుకుని వాయించాడంటారు?

కోనసీమ:
మీరడిగిన పాదం ఇది: ‘సి నో మదురెన్ ఎల్ దియా ద పాస్కా, మదురరాన్ ఎన్ ఎల్ దియా దెల్ రామ్’. పాస్కా నాడు పండకపోతే ‘రామ్’ నాడు పండుతాయని అర్థం. ‘రామ్’ అంటే కొమ్మ. మా ఊళ్ళో మట్టల ఆదివారం అనుకునే పండుగే అది. అయితే మట్టల ఆదివారం పాస్కాకు సరిగ్గా వారం ముందు వస్తుంది. అంటే ఈ తల్లి గడువును ముందుకు పొడిగించకుండా వెనక్కి జరుపుతున్నది! వచ్చే ఏటి మట్టల ఆదివారమని సరిపెట్టుకోవచ్చు కాని, నా ఉద్దేశంలో అది బిడ్డను మభ్యపెట్టే మాట మాత్రమే. పైగా పాట క్రిస్మస్‌ది, ఉయ్యాలలో ఉన్నది బాలయేసు. వసంతంలో వచ్చే ఆ రెండు పండుగలలో దేనికీ అంజూరాలు పండవు. తొలికాపు చేతికి రావాలన్నా వేసవి మొదలు కావలసిందే.

యతిమైత్రి:
కోనసీమ గారు వేదాంతంలో వెతుకుతున్న కారణం అంత్యప్రాసలో ఉంది. ‘మదురరాన్’కు ‘రామ్’ జత, మొదటి చరణంలో ‘బో’కు ‘మతో’ (ఒక పాలవంటకం) జత. సరిపాదాలు ఊనిక (నొక్కి పలకడం) పడే అక్షరంతో ముగిసి ఒకదానికొకటి ప్రాస కావాలి. ‘పాస్కా’లో ఊనిక మొదటి అక్షరంపైన ఉన్నది కనుక అది చివరి పాదానికి పనికిరాదు. పండుగలు తారుమారు కావడానికి ఇంతకు మించిన రహస్యం లేదు.

అసలు గమనించవలసింది నడక. మొదటి చరణంలోని ‘కె లి దరెమ్ ఆ నెల్ నోయ్ ద లా మారె’ (తల్లి బిడ్డకు ఏమి పెడదాం) అన్న పాదంలో 1, 4, 7, 10 అక్షరాలపై ఊనిక పడుతుంది. ఊనిక ఉన్నచోట గురువును, లేనిచోట లఘువును ఉంచి చూడండి: భగణం (గురువు, రెండు లఘువులు), భగణం, భగణం, రెండు గురువులు; పాదం చివరి లఘువును గురువుగా తీసుకోవచ్చు కదా. ఇది మన దోధక వృత్తం! ‘మతో’తో ముగిసే పాదాలలో చివరి గురువు ఒకటి తగ్గుతుంది, అంతే. ఇక అంజూరాల చరణంలో వచ్చే ‘తామ్ పతంతామ్’ అన్న అర్థంలేని మాటను చూడండి, దాని ఊనికలు సరిగ్గా 1, 4 స్థానాలలో ఉన్నాయి. అది డోలు చప్పుడనో తొట్టి ఊగే చప్పుడనో చెప్పడం సులువే కాని, నా మట్టుకు అది ఛందస్సు తన పేరు తాను చెప్పుకోవడమే.

ద్రుతప్రకృతికం:
యతిమైత్రి గారికి ఏ నేల మీద నిలబడినా దోధకమే కనబడుతుంది. మన గురువు మాత్రల లెక్క, కటలాన్‌లో ఊనిక నొక్కి పలకడం. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయడం సాహసం. అయినా ఆ పాదాన్ని నిలబెడుతున్న అక్షరాన్ని ఎవరూ పట్టించుకోలేదని ఆశ్చర్యపోతున్నాను. ‘ఆ నెల్’లోని నకారం ఎక్కడిది? ‘ఆ’ అన్నది విభక్తి వంటి మాట, ‘ఎల్’ అన్నది ఇంగ్లీషు ‘ది’ వంటి విశేషకం. శిష్టవ్యాకరణం ఈ రెంటినీ కలిపి ‘అల్’ అనమంటుంది. వాడుకలో మాత్రం అచ్చుకూ అచ్చుకూ నడుమ నకారం చేరుతుంది. మన ద్రుతం (మాట చివర చేరే నకారం) చేసే పని అక్కడ ఇది చేస్తున్నది. ‘అల్ నోయ్’ అని దిద్దితే ఒక అక్షరం లోపించి నడక కుంటుపడుతుంది. వ్యాకరణం వద్దన్న నకారమే పాటను కాపాడిందన్నది నా వాదన. మంద్రస్థాయి గారు చెప్పిన విరామం కూడా మొదటిసారి ఈ నకారం దగ్గరే రావాలి; మరొకసారి విని చూడండి.

మంద్రస్థాయి:
విన్నాను. విరామం నకారం దగ్గర లేదు, పాదం చివరనే ఉంది. సెగోవియా లెక్క తప్పకుండా మూడు మూడుగా ఊపేవాడు కాడు. ఊపును ఒకచోట పట్టి ఉంచి మరొకచోట వదిలేస్తాడు. ల్యోబెట్ కూర్పులో ఆరవ తీగను ఒక స్వరం దించి షడ్జానికి శ్రుతి చేస్తారు కనుక, బొటనవేలు దానిని ఒక్కసారి మీటితే పైన రాగం కదులుతున్నంతసేపు కింద ఆధారం మోగుతూనే ఉంటుంది. తంబూరా అలవాటున్న చెవికి అది వెంటనే పడుతుంది. ఒకే వరుసను రెండవసారి వాయించేటప్పుడు కుడిచేతిని మెట్ల వైపు జరిపి నాదాన్ని మెత్తబరచడం, ఎడమచేతి వేలిని తీగపైన సన్నగా కదిలిస్తూ స్వరాన్ని వణికించడం ఆయన పద్ధతులు. ఆ వణుకును గమకం అనలేము. అది పక్క స్వరాన్ని తాకదు, ఉన్నచోటే ఊపిరి తీసుకుంటుంది. ఈ మెత్తదనం, ఈ ఆగడం ‘ఏమి పెడదాం’ అన్న ప్రశ్నకు సరిపోతాయా, ‘పండుతాయిలే’ అన్న బుజ్జగింపుకు సరిపోతాయా అన్నదే నా సందేహం. రెండు చరణాలకూ వరుస ఒకటే కనుక స్వరాలు చూసి తేల్చలేము.

పాతకాపు:
ల్యోబెట్ 1878లో బార్సిలోనాలో పుట్టాడు, 1938లో అంతర్యుద్ధం నడుస్తుండగా అక్కడే పోయాడు. ఈ పాట అతనికి వీధిలో, ఇంటిలో విన్న పాట. సెగోవియా 1893లో ఆందలూసియాలోని లినారెస్‌లో పుట్టినవాడు. యువకుడిగా బార్సిలోనా వెళ్ళి ల్యోబెట్ దగ్గర ఈ కూర్పులను నేర్చుకున్నాడు. కాబట్టి అతనికి ఇది అమ్మ నోట విన్న పాట కాదు, గురుస్థానంలో ఉన్నవాని చేతి నుంచి అందుకున్న పాట. చరణాల సంగతి అతని మనసులో ఉన్నదనుకోవడం మన ముచ్చట. అయినా పాడి నిద్రపుచ్చే పాటకు అర్థం వెతికే ముందు మన అన్నమయ్యను తలచుకోవద్దా? ఆయన పేర ప్రచారంలో ఉన్న జోలలో,

‘అట్టుగట్టిన మీగడట్టె తిన్నాడే
పట్టి కోడలు మూతిపై రాసినాడే’

అని ఉంది. కటలాన్ తల్లి బిడ్డకు ఎండుద్రాక్ష, అంజూరం, తేనె పెడతానంటుంది; ఇక్కడ బిడ్డ ఎవరూ పెట్టకముందే మీగడ తిని నేరాన్ని కోడలి మూతికి పూస్తాడు. తరువాతి పాదాలలో అత్త అడిగితే ‘గట్టిగా నిది దొంగ కొట్టుమన్నాడే’ అని తీర్పు చెప్పేది కూడా వాడే. జోలపాటలో ఇంత నాటకం నడిపిన కవి ఇంకొకరు ఉంటే చూపండి.

యతిమైత్రి:
చూపలేను, ఒప్పుకుంటాను. నడక మాత్రం వేరు. ‘జో అచ్యు | తానంద | జోజో ము | కుందా’ అన్నది అయిదేసి మాత్రల ఖండగతి. కటలాన్ పాట మూడేసిగా ఊగుతుంది. చేతితో తొట్టిని ఊపే మనిషికి మూడు సులువు, అయిదుకు కొంత సాధన కావాలి. మన తల్లులకు అది పుట్టుకతో వచ్చిందేమో. ‘జో’ మాత్రం ‘తామ్’ వంటిదే. జోకొట్టడంలో అరచేతి దెబ్బకు పెట్టిన పేరు అది.

ద్రుతప్రకృతికం:
‘జో’ అరచేతి దెబ్బ అనడానికి ఆధారం చూపాలి. జోకొట్టడం నుంచి ‘జో’ వచ్చిందా, ‘జో’ అంటూ కొట్టడం వల్ల జోకొట్టడం అయిందా? రెండవదే నాకు సబబుగా కనబడుతుంది.

యతిమైత్రి:
ఆధారాలు తరువాత చూద్దాం. దోధకం కుదరదన్నారు కనుక కటలాన్ పాదానికి దోధకంలోనే తెలుగు పెడుతున్నాను:

‘ఎండిన ద్రాక్షలు తేనెయు జున్నూ’

‘ద్రా’ వల్ల ముందున్న ‘న’ గురువవుతుందని ఎవరైనా అంటారేమో. తెలుగు మాట తరువాత వేరు పదంగా వచ్చిన సంయుక్తాక్షరం ముందుదానిని గురువు చేయనక్కరలేదు.

కోనసీమ:
అంజూరాలు ఏమయ్యాయి? చర్చంతా వాటి గురించే కదా! ఇక ‘మతో’ను జున్ను అనడానికి మనసు ఒప్పడం లేదు. జున్ను అంటే ఈనిన గేదె తొలిపాలతో, బెల్లమూ మిరియాలూ వేసి వండేది. ‘మతో’ పాలను విరగ్గొట్టి, నీరు వార్చి, ఉప్పు వేయకుండా తీసే మెత్తని ముద్ద. దానిపై తేనె పోసుకుని తింటారు, ‘మెల్ ఇ మతో’ అక్కడ నేటికీ భోజనం చివర వడ్డించే తీపి. పన్నీరు అనండి, అందరికీ అర్థమవుతుంది.

యతిమైత్రి:
‘పన్నీరు’ గురువు, గురువు, లఘువు. పాదాంతంలో ఒక అక్షరం మిగిలిపోతుంది. మిగిలినా సర్దుకుందామంటే, పాత తెలుగులో పన్నీరు పెళ్ళివారిపై చల్లేది. బాలయేసుకు తేనెలో అత్తరునీళ్ళు కలిపి తాగించిన పాపం నాకెందుకు? జున్ను ఉండనివ్వండి. అంజూరాలకు రెండవ పాదంలో చోటు చూస్తాను, మంద్రస్థాయి గారు ఈలోగా ఏ చరణమో తేల్చితే.