“సాంటర్” అన్న ఇంగ్లీష్ మాట పవిత్ర భూమి నుంచి వచ్చిందా?

గోదారిగట్టు:
మా అమ్మాయి పాఠంలో సాంటర్ అన్న మాట తగిలింది. తొందర లేకుండా, ఫలానా చోటికని లేకుండా తీరిగ్గా నడవడం. ఇది ఎలా పుట్టిందో నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు, మధ్యయుగాల్లో కొందరు “సాంత్ తేర్”, ఫ్రెంచిలో అంటే పవిత్ర భూమి, ఏసు తిరిగిన నేల, అక్కడికి పోతున్నామని చెప్పుకుంటూ ఊళ్లమ్మట అడుక్కుని తిరిగేవాళ్లు, పిల్లలు వాళ్లని చూసి అదుగో సాంత్ తేరర్ అని అరిచేవాళ్లు, అదే సాంటర్ అయింది. అమెరికా రచయిత థోరో 1862లో అచ్చయిన “వాకింగ్” వ్యాసం మొదట్లోనే ఇది రాశాడు. రోజుకి నాలుగు గంటలైనా అలా తిరక్కపోతే ఆరోగ్యం నిలవదన్న మనిషి. దీనికి మంచి తెలుగు మాట చెప్పండి.

పదాలపిచ్చి:
కథ బావుంది కానీ నిజం కాదండి. పదిహేనో శతాబ్దంలో “సాంట్రెన్” అని ఉండేది, దానర్థం నడక కాదు, ఆలోచనలో పడిపోవడం. తీరిగ్గా నడవడం అన్న అర్థం 1660ల్లో కనపడుతుంది. ఈ రెండూ ఒకటే మాట అనడానిక్కూడా గట్టి రుజువు లేదు. పవిత్ర భూమి కోసం యుద్ధాలు చేసిన క్రూసేడర్ల చేతిలోంచి అక్కడి ఆఖరి పెద్ద కోట, ఏకర్ పట్నం, పోయింది 1291లో, మరి మధ్యలో మూడొందల డెబ్భై ఏళ్లు ఈ మాట ఎక్కడ దాక్కుంది?

గోదారిగట్టు:
1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువులోనే ఉంది ఈ కథ. ఆయనకన్నా మనకెక్కువ తెలుసా?

నిజామాబాద్‌పోరడు:
మా దిక్కు షికారు అంటరు గదా. ఉర్దూల షికార్ అంటే వేట. మన దగ్గరికొచ్చేసరికి వేట పోయింది, తిరుగుడు మిగిలింది. గట్లనే ఆలోచన పోయి నడక మిగిలిందేమో.

సీతాకోక:
షికారు కుదరదు, అది బయల్దేరి వెళ్లేది. తచ్చాడటం దగ్గరగా ఉంది.

గోదారిగట్టు:
తచ్చాడటం అంటే గోడ దగ్గర దొంగచూపులు చూసేవాడు గుర్తొస్తాడు, వద్దు.

పదాలపిచ్చి:
జాన్సన్ కాలంలో పాత రాతప్రతులన్నీ వరసపెట్టి పోల్చే వీల్లేదు. థోరో అయితే రెండు చెప్పాడు, ఒకటి పవిత్ర భూమి, రెండోది “సాన్ తేర్” అంటే నేల లేనివాడు, మొదటిదే తనకిష్టమన్నాడు. ఇష్టాన్ని బట్టి మూలం తేలుతుందా?

గోదారిగట్టు:
మీరు ఏ చర్చలోకొచ్చినా ఇంతే మేడం, ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబితే ఈకలు పీకడం.

పదాలపిచ్చి:
ఈకలు పీకడమా? సబ్ ఎడిటర్ ఇంటర్వ్యూలో సరిగ్గా ఈ కథే చెప్పాను నేను. ఎదురుగా కూర్చున్నాయన ఏమీ అనలేదు, లావుపాటి నిఘంటువు తెరిచి నావైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు, మూలం తెలియదు అని. వేలి గోటికి ఎర్ర సిరా. ఆ ఉద్యోగం రాలేదు. నాకా కథ నేర్పిన మేడం కూడా మంచావిడే, కానీ నష్టపోయింది నేను.

గోదారిగట్టు:
నాకు చెప్పింది మా సారు. రాజమండ్రిలో గోదారి గట్టున, చెప్పు తెగితే రెండూ చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో నడుస్తూ చెప్పాడు, సాంటర్ అంటే ఇదేరా అని. పోయినేడు పోయారు. మీరు అబద్ధం అన్నప్పుడల్లా ఆయన్నే అంటున్నట్టుంది నాకు, పొద్దున్నుంచి అదే బాధ.

పదాలపిచ్చి:
అయ్యో, ఆయన్ని అనలేదండి. ఆయన నడక చూపించి అర్థం చెప్పాడు, అది నూటికి నూరుపాళ్లు సరైందే. పుట్టుక దగ్గరే నా పేచీ. రేపు మీ పిల్ల ఎక్కడైనా చెబితే నాలా తల దించుకోకూడదు కదా.

గోదారిగట్టు:
థోరో ఇలా రాశాడని చెప్తా. అబద్ధం అని మాత్రం నా నోటితో అనను.

పదాలపిచ్చి:
థోరో రాశాడన్నది నిజమేగా, అలాగే చెప్పండి. “అలా పుట్టింది” అని మాత్రం అనొద్దు.

గోదారిగట్టు:
చూస్తా.

నిజామాబాద్‌పోరడు:
మరి తెలుగు మాట?