చదవేస్తే, చదివేస్తే: ఒక్క అక్షరం తేడా

మొన్న ఇక్కడ “ఇప్పుడు ఏ నవలలు చదువుతున్నారు?” అన్న ప్రశ్నకు నేను రెండు పేర్లు రాశాను. ఒకటి సెర్వాంటిస్ ‘డాన్ క్విక్సోట్’, రెండోది అర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. ఒకటి క్లాసిక్, ఒకటి ఫాంటసీ. పుస్తకాలు చదివి మతి పోగొట్టుకున్న క్విక్సోట్ సంగతి ఒక్క ముక్కలో చెబుదామని “చదివేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఈయన్ని చూసే పుట్టిందేమో” అన్నాను. దాని కింద ఒక పెద్దాయన “చదివేస్తే కాదు బాబూ, చదవేస్తే” అని రాసి ఊరుకున్నారు.

ముందు కాస్త చిరాకేసింది. ఒక అక్షరానికి ఇంత పట్టింపా అనుకున్నాను. తర్వాత కూర్చుని విడదీసి చూస్తే, ఆయన సరిచేసింది అక్షరాన్ని కాదు, కర్తనే అని తెలిసింది.

‘చదివేయడం’ అంటే చదివి + వేయడం. తినేయడం, రాసేయడం, అమ్మేయడం లాంటిది. పని చేసేవాడే దాన్ని పూర్తిచేసి చేతులు దులుపుకుంటాడు. ‘చదవేయడం’ అలా కాదు. చదవ + వేయడం. ఆరేయడం, నానేయడం, ఎగరేయడం వరసలోది. “బట్టలు ఆరేశాను” అంటే ఆరింది నేను కాదు, బట్టలు. “గాలిపటం ఎగరేశాను” అంటే ఎగిరింది గాలిపటం. అలాగే “వాణ్ణి చదవేశాను” అంటే చదవాల్సింది వాడు, వేసింది నేను. చదివించడం అన్నమాట. “బళ్ళో వేశాం” అనడంలో ఉన్న వేయడమే ఇక్కడా ఉంది.

కాబట్టి “చదవేస్తే ఉన్న మతి పోయింది” అన్నది చదివినవాడి గురించి చదివించినవాళ్ళు పెట్టుకునే గోడు. కొడుక్కి చదువు చెప్పిస్తే మంచీచెడూ తెలుస్తుందనుకున్నాం, ఉన్న తెలివీ పోగొట్టుకొచ్చాడే అన్న ఏడుపు.

ఈ గోడు నిజంగా పెట్టుకోదగ్గ తండ్రి మన సాహిత్యంలో ఒకడున్నాడు. పోతన భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకుతో చదివినవాడికి సదసద్వివేకం వస్తుందని చెప్పి “చదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!” అంటాడు. బుజ్జగింపుగా కొడుకును తండ్రీ అంటున్నాడు. చండామార్కుల దగ్గర చదివి వచ్చాక కొడుకు ఇచ్చే జవాబు ఇది:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

తండ్రి వాడిన ‘చదివించు’నీ, ‘తండ్రీ’నీ తీసుకుని కొడుకు తిరిగి అప్పజెప్పాడు. ఒక్క కందంలో చదువు నాలుగు రకాలుగా తిరిగింది. చదివించింది గురువులు, చదివింది శాస్త్రాలు, చదివినవి బోలెడు. ఇంతవరకూ తండ్రి అడిగినదే. నాలుగో పాదంలో మాత్రం గురువులు పక్కకు తప్పుకున్నారు. మర్మం వాళ్ళు చదివించింది కాదు, ఇతను చదివింది. ‘చదివించిరి’తో మొదలైన పద్యం ‘చదివితి’తో ముగియడంలోనే కథంతా ఉంది. ఆ మర్మం ఏమిటో విన్న తర్వాత హిరణ్యకశిపుడు “చదవేస్తే ఉన్న మతి పోయింది” అనుకోడూ?

ఇక క్విక్సోట్ దగ్గరికి వస్తే (స్పానిష్ ఉచ్చారణ కిహోతేకు దగ్గరగా ఉంటుంది, నాకు అలవాటైన పేరే రాస్తున్నాను) ఆయన్ని ఎవరూ చదవెయ్యలేదు. వయసు యాభైకి దగ్గరపడింది. ఇంట్లో చేయాల్సిన పనులు వదిలేసి వీరుల సాహసగాథలు చదవడంలో పడ్డాడు. మాంత్రికులు, రాక్షసులు, చెరలో రాకుమార్తెలు. ఆ కాలపు ఫాంటసీలు అనొచ్చు. పంట పండే భూమి అమ్మేసి ఆ డబ్బుతో పుస్తకాలు కొన్నాడు. రాత్రి తెల్లవార్లూ, పగలు పొద్దుగూకే దాకా చదివాడు. నిద్ర తక్కువై, చదువు ఎక్కువై మెదడు ఎండిపోయిందంటాడు సెర్వాంటిస్. ఒక రచయిత రాసిన మెలికల వాక్యాలకు అర్థం పీకడానికి నిద్ర మానుకున్నాడట. అరిస్టాటిల్ అందుకోసమే లేచొచ్చినా వాటికి అర్థం చెప్పలేడని నవల మొదటి అధ్యాయంలోనే ఒక విసురు. సామెతలకు, పద్యాలకు ఇలా మెలికలు విప్పుతూ కూర్చునే మనబోటివాళ్ళం అక్కడ కొంచెం భుజాలు తడుముకోవాలి.

అంటే ఈయన అమ్మేశాడు, కొనేశాడు, చదివేశాడు. అన్నీ తానే. కనుక సామెతను సరిగ్గా పలికితే అది క్విక్సోట్‌కు అతకదు. నేను తప్పుగా పలికాను కాబట్టే అతికింది! పెద్దాయనకు దండం పెడుతూనే ఈ చిన్న లాభం దక్కించుకుంటున్నాను.

రెండో పుస్తకంలో ఇంకో రకం చదవడం ఉంది. ఎర్త్‌సీ 1968లో వచ్చిన నవల. అందులో మంత్రమంటే వస్తువు అసలు పేరు తెలియడమే. మాటల మీద మోజున్నవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? గెడ్ అనే కుర్రాడు గురువు ఇంట్లో లేనప్పుడు ఆయన మంత్రాల పుస్తకం తెరుస్తాడు. ఒక మంత్రం దగ్గర చూపు ఆగుతుంది. చనిపోయినవాళ్ళ ఆత్మలను పిలిచే మంత్రమది. భయమేస్తుంది కానీ చదవడం పూర్తయ్యేదాకా కళ్ళు ఎత్తలేకపోతాడు. ఎత్తి చూస్తే తలుపు దగ్గర ఏదో నల్లటి నీడ.

ఇక్కడ గెడ్ చదివాడనాలా? నేనైతే పుస్తకమే అతన్ని చదివించింది అంటాను. మన విమర్శకులు నవలను మెచ్చుకునేటప్పుడు “చదివించే గుణం ఉంది” అంటారు చూడండి, ఆ మాటలో మనం గమనించని భయం కొంత ఉందని ఈ పేజీ దగ్గర తోచింది. పోతన కాలంలో చదివించింది గురువులు. మన మాటలో చదివించేది పుస్తకమే. “ఆ నవల నన్ను ఏకబిగిన చదివించింది” అన్నప్పుడు కర్త నవల, నేను వట్టి కర్మను.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ‘చదువుకోవడం’ వదిలేశారే? చదివినవాడు వేరు, చదువుకున్నవాడు వేరు కదా.

జవాబు: నిజమేనండీ, అసలు చిక్కు అక్కడే ఉంది. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే చెందుతుంది. వండాను, వండుకున్నాను. చదివాను, చదువుకున్నాను. కాకపోతే ‘చదువుకున్నవాడు’ డిగ్రీల వైపు జరిగిపోయింది. వంద నవలలు చదివినా చదువుకున్నవాడు అనరు. “ఏం చదువుతున్నావు?” అంటే క్విక్సోట్ అని చెబుతామా, బీకామ్ అని చెబుతామా? ఈ తికమక మనదొక్కరిదే కాదు. కన్నడ ఓదు, తమిళ పడి, హిందీ పఢ్నా అన్నీ రెండు పనులూ చేస్తాయి. బ్రిటిష్ యూనివర్సిటీల్లో లా చదివేవాణ్ణి కూడా ‘రీడ్’ చేస్తున్నాడనే అంటారు. నా మటుకు నాకు ‘చదువుకోవడం’ నవలలకు తిరిగి ఇప్పించాలని ఉంది. క్విక్సోట్‌ను నేను రోజుకు ఒక అధ్యాయం చదువుకుంటున్నాను. ఈ వాక్యంలో పరీక్ష వాసన నాకైతే రావడం లేదు. మీకు వస్తోందా?

వ్యాఖ్య: రావడం లేదు గానీ, ‘చదివేశాను’లో కొంచెం నిర్లక్ష్యం ధ్వనిస్తుంది నాకు. క్లాసిక్ గురించి ‘చదివేశాను’ అంటే ఒక భారం దించుకున్నట్టుంటుంది.

జవాబు: ఉంటుంది. ఒక్కోసారి అది నిజం కూడా. మొహమాటం లేకుండా చెప్పాలంటే కొన్ని క్లాసిక్కులు నేను దించుకున్న భారాలే.

వ్యాఖ్య: మీరు క్విక్సోట్ అంటే నాకు కాథరిన్ గుర్తొచ్చింది. జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ ఆబీ’ చదువుతున్నాను. ఈ అమ్మాయి భయానక నవలలు చదివి చదివి ప్రతి పాత ఇంట్లోనూ ఒక రహస్యం వెతుకుతుంది. తుఫాను రాత్రి ఒక పాత బీరువాలో కాగితాల చుట్ట దొరుకుతుంది. అంతలో దీపం ఆరిపోతుంది. రాత్రంతా వణుకుతూ గడిపి తెల్లారాక విప్పి చూస్తే బట్టల ఉతుకుడు పద్దు! ఈమెను కూడా ఎవరూ చదవెయ్యలేదు కదా?

జవాబు: లేదు మేడమ్, ఈవిడా చదివేసిన జాతే. కానీ మీరు రాసిన ‘చదివి చదివి’ ఈ ఇద్దరికీ బాగా కుదిరింది. ‘చదివేసి’లో ముగింపు ఉంది, ‘చదివి చదివి’లో లేదు. తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయాయి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి, చదివి చదివి మెదడు ఎండింది. ఒకే క్రియ రెండుసార్లు వస్తే తర్వాత ఏదో ఒకటి పాడైపోవడం ఖాయం. క్విక్సోట్ మెదడు ఎండిన వాక్యాన్ని తెలుగు చేయాలంటే నేను ఇదే వాడతాను. ఉతుకుడు పద్దు సంగతి మాత్రం చెప్పకుండా ఉండాల్సింది, నేనింకా అది చదవలేదు!

వ్యాఖ్య: ఫాంటసీ, క్లాసిక్ అంటున్నారు. భాషా చర్చలోనైనా తెలుగు మాటలు వాడకూడదా?

జవాబు: ప్రయత్నించానండీ. ‘అభూత కల్పన’ అర్థానికి దగ్గరే కానీ మనం దాన్ని తిట్టుగా మార్చేశాం. ఆరోపణలను కొట్టిపారేయడానికి తప్ప ఎవరూ వాడరు. క్లాసిక్‌ను ‘ప్రాచీనం’ అంటే వయసు మాత్రమే మిగులుతుంది. లాటిన్‌లో క్లాసికుస్ అంటే పై తరగతికి చెందినవాడు. అందులో పాతదనం లేదు, మేలు అన్న భావమే ఉంది. ‘శ్రేష్ఠ నవల’ అనొచ్చు గానీ నా నోటికి బహుమతి ప్రదాన సభలా ఉంటుంది. మంచి మాట దొరికేదాకా క్లాసిక్ అనే అంటాను.

వ్యాఖ్య (పెద్దాయన): బాబూ, ఒక సంగతి. సామెతను తప్పు పలికినందుకు నొచ్చుకోకు. అందరూ ‘చదివేస్తే’ అనే అంటున్నారిప్పుడు. చదవేయడం అనే క్రియ విడిగా ఎక్కడా వినపడదు, ఆ సామెతలోనే ప్రాణం నిలుపుకుంది. అందుకని అన్నాను. అవునూ, నీ క్విక్సోట్‌లో సాంచో అనేవాడు ఒకడుంటాడు కదా, వాడి సంగతి రాయలేదే?

జవాబు: రాయాల్సిందే మాస్టారూ, మీరు అడగడం మంచిదైంది. క్విక్సోట్ వెంట తిరిగే సేవకుడు సాంచోకు చదవడం, రాయడం రెండూ రావు. కానీ నోరు తెరిస్తే సామెత మీద సామెత. సందర్భం ఉన్నా లేకపోయినా గుదిగుచ్చి వదులుతాడు. అన్ని పుస్తకాలు చదివిన యజమాని ఆ సామెతల జోరుకు తట్టుకోలేక కసురుతూ ఉంటాడు. ఇంకో తమాషా కూడా ఉంది. మొదటి భాగం 1605లో, రెండో భాగం 1615లో వచ్చాయి. రెండో భాగంలో ఎదురయ్యేవాళ్ళలో కొందరు మొదటి భాగం చదివేసి ఉంటారు! వాళ్ళు క్విక్సోట్‌ను, సాంచోను గుర్తుపడతారు. చదవడం రాని సాంచో, జనం చదివే పుస్తకంలో మనిషైపోయాడు. తన గురించి ఏం రాశారో మాత్రం ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

వ్యాఖ్య (పెద్దాయన): అయితే రెండో భాగంలోకి వచ్చావన్నమాట. ఎంతవరకు అయింది?

జవాబు: ఇంకా మొదట్లోనే ఉన్నానండీ, నెమ్మదిగా చదువుకుంటున్నాను. ఎర్త్‌సీ మాత్రం నిన్న రాత్రి చదివేశాను. తలుపు వైపు ఒకసారి చూసి పడుకున్నాను.