పంచభూతాల జతల ఆటలో వంతుల వరుస వల్ల జరిగే అన్యాయాన్ని ఎలా సరిదిద్దాలి?

ప్రశ్న:
నమస్కారం. నలుగురు తమ తమ ఫోన్లలో కలిసి ఆడే జతల ఆటను తయారు చేస్తున్నాను. ఒక్కొక్క భూతం అధిదేవతకు నాలుగు వేర్వేరు బొమ్మలు, ఒక్కో బొమ్మకు రెండు ముక్కల చొప్పున మొత్తం 40 ముక్కలు బోర్లా ఉంటాయి. వంతు వచ్చినవారు రెండు ముక్కలు తిప్పాలి. జత కుదిరితే తీసుకుని మళ్లీ ఆడాలి. మొన్న ఇంట్లో ఆడించి చూస్తే, మా నాన్నగారు తిప్పి వదిలేసిన ముక్కలన్నీ ఆయన తర్వాత ఆడే చెల్లెలికే దక్కాయి. మా అమ్మకు అన్నీ గుర్తున్నా ఆమె వంతు వచ్చేసరికి జతలు మిగల్లేదు. పైగా, గాలి జత దక్కినవారు ఏవైనా రెండు ముక్కల చోట్లను రహస్యంగా మార్చవచ్చని నియమం పెట్టాను. దానితో అందరి జ్ఞాపకమూ వృథా అవుతోంది. ఏం చేయాలి?

జవాబు 1:
మీరు గమనించినది ఈ ఆట స్వభావంలోనే ఉంది. ఆరు వేర్వేరు బొమ్మలు అందరికీ తెలిసిన స్థితిలో నేను తిప్పిన ఏడవ ముక్క కూడా కొత్త బొమ్మే అనుకోండి. ఇంకా చూడనివి 33 ముక్కలు. వాటిలో నాకు జత అయ్యేది ఒక్కటే, కానీ పాత ఆరింటికి జత అయ్యేవి ఆరు. అంటే రెండోసారి కూడా కొత్త ముక్కనే తిప్పితే నాకు లాభం కలిగే అవకాశం కంటే, తర్వాతివారి చేతిలో జతను పెట్టే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ. అందుకే తెలిసిన ముక్కనే మళ్లీ తిప్పి ఊరుకోవడం తెలివైన ఎత్తు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు యూరి జ్విక్, మైఖేల్ ప్యాటర్సన్ 1993లో ఈ ఆటను గణితపరంగా విశ్లేషించి, మరపు లేని ఆటగాళ్లకు కూడా కొన్నిసార్లు ఇదే సరైన ఎత్తని చూపారు. అయితే జత కాని రెండు పాత ముక్కలనే తిప్పనిస్తే ఆట కదలదు కాబట్టి, తెలిసిన జతను తీసుకునేటప్పుడు తప్ప ఒక్కటైనా కొత్తది తిప్పాలనే నియమం తప్పనిసరిగా పెట్టండి.

జవాబు 2:
పోటీ ఆటకైతే డూప్లికేట్ బ్రిడ్జి అనే పేకాట పద్ధతిని తీసుకోవచ్చు. అందులో ఒకే పంపకాన్ని వేర్వేరు బల్లల దగ్గర ఆడిస్తారు. మీరు కూడా ఒకే అమరికను వేర్వేరు బృందాలకిచ్చి, ఒకే స్థానంలో ఆడినవారి జతలను పోల్చండి. గాలి విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది: శక్తి జ్ఞాపకాన్ని పరీక్షించాలి గానీ చెరిపేయకూడదు. రెండు ముక్కలు చోట్లు మారడం అందరి కళ్లెదుటే నెమ్మదిగా జరిగితే, చూపు నిలిపినవారికి ఫలితం దక్కుతుంది. ఆకాశానికి శబ్దం గుణమని మన శాస్త్రాలు చెబుతాయి కదా, ఆ నాలుగు జతలనూ బొమ్మ లేకుండా ధ్వనితోనే గుర్తుపట్టేలా చేస్తే ఎంతో బాగుంటుంది.

జవాబు 3:
మోసం సంగతి కూడా చూడండి. ఆట మొదట్లోనే 40 ముక్కల వివరాలనూ ఫోన్లకు పంపితే, కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసినవారు వాటిని చదివేస్తారు. ముక్కలను సర్వర్‌లోనే కలిపి, తిప్పినప్పుడు ఆ ఒక్క ముక్క బొమ్మనే పంపండి. కాగితంపై రాసుకునేవారిని ఆపలేము కానీ, వంతుకు గడువు పెడితే వారికి తీరిక తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి గాలి మార్పును అందరికీ కనిపించేలా చేసి, కొత్త ముక్క నియమం పెట్టి మళ్లీ ఆడించాను. అమ్మ రెండు ముక్కలు కదలడాన్ని వేలితో గాలిలో గీసుకుంటూ చూసి, తన వంతు రాగానే ఆ జతను తీసుకున్నారు. సర్వర్ మార్పు ఈ వారంలో మొదలుపెడతాను.