పద్దెనిమిది నిండిన పిల్లలకి కూడా ప్రభుత్వ డబ్బుతో నీడ ఇవ్వాలా?

కృష్ణలంక వాసి:
నిన్న మా కాలనీ మీటింగులో పెద్ద గొడవే అయింది. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న కమ్యూనిటీ హాలును, పిల్లల సంరక్షణ హోముల్లో పెరిగి 18 నిండాక బయటికి వచ్చే కుర్రాళ్లకి హాస్టల్‌గా ఇచ్చి, ఖర్చు ప్రభుత్వం పెట్టుకునేలా అర్జీ పెడదామని ఒకాయన అన్నారు. నేను వద్దన్నాను. చిన్నపిల్లలకి పెట్టండి, ఎవరూ కాదనరు. ఓటు హక్కు వచ్చినవాడికి, ఒళ్లు వంచి పని చేయగలిగినవాడికి మన పన్నుల్లోంచి అన్నం, మంచం ఎందుకు? మా వీధిలో డ్రైనేజీ పొంగితే డబ్బుల్లేవంటారు. మీరేమంటారో చెప్పండి.

స్టేషన్ రోడ్డు:
అన్నా, నేను రైల్వే స్టేషన్ దగ్గర పిల్లల షెల్టర్‌లో నాలుగేళ్లు నైట్ డ్యూటీ చేశాను, కాబట్టి చూసింది చెబుతాను. ఒక కుర్రాడు మా దగ్గర ఏడో తరగతి నుంచి ఉన్నాడు. 18 నిండిన వారానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. చేతిలో ఒక బట్టల షాపు కవరు, అందులో రెండు జతలు, లామినేషన్ చేయించిన టెన్త్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్. ఆధార్‌లో అడ్రస్ మా హోముదే. రూము కోసం తిరిగితే ప్రతి ఇంటి ఓనరూ ఒకటే అడిగారు, 'మీ పెద్దవాళ్లని తీసుకురా బాబూ' అని. వాడి తరఫున నేనే వెళ్లి నిలబడ్డాను, మీరు ఏమవుతారంటే ఏం చెప్పాలో తెలియలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక షెడ్డు మేస్త్రి జాలిపడి, రాత్రి లేత్ మిషన్ పక్కన అట్టముక్కలు పరుచుకుని పడుకోమన్నాడు. వాడు పని చేయనని ఎప్పుడూ అనలేదు. పని చేసి వచ్చి పడుకోవడానికే చోటు లేదు. మన ఇళ్లల్లో డిగ్రీ చదివే పిల్లలకి ఎన్నేళ్లు వచ్చేదాకా అన్నం పెడుతున్నామో ఒక్కసారి లెక్క వేసుకోండి.

గుంటూరు టీచర్:
సార్, మీరు చెప్పింది చదివి బాధేసింది, కానీ హాస్టళ్లు కడితే సరిపోతుందంటే నేను ఒప్పుకోలేను. మా బడిలో మిర్చి కోతల సీజన్ వస్తే పిల్లలు మాయమైపోతారు, అమ్మానాన్నలు ఊళ్లు పట్టుకుని పోతారు కాబట్టి. వాళ్లకి అమ్మమ్మో, పిన్నో ఉంటుంది. ఆమెకి నెలనెలా కాస్త ఆసరా ఇస్తే ఆ పిల్ల హోము గడప తొక్కాల్సిన పనే లేదు. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు కదా. ముందు ఆ డబ్బు అందరికీ అందేలా చూడండి. పట్నాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదంటారు, అంటే నెలకు 8,000. ఇస్త్రీ బండి పెట్టుకున్న అమ్మమ్మ కూడా ఆ గీత దాటేస్తుంది. ముందు ఆ గీత మార్చమని అడగాలి, ఆ తర్వాతే భవనాలు.

స్టేషన్ రోడ్డు:
మేడమ్, అమ్మమ్మ ఉన్న పిల్లకి అమ్మమ్మే మేలు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మా షెల్టర్‌కి వచ్చేవాళ్లు వేరు. హౌరా నుంచి, ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే రెండు దారులూ బెజవాడలోనే కలుస్తాయి. ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడ దిగిపోతారు. అలా దొరికిన పిల్లల్ని 24 గంటల్లోగా, వాళ్లని ఎక్కడ ఉంచాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి, పెడతాం, అడ్రస్ దొరికితే ఇంటికి పంపిస్తాం. కొట్టే ఇంటి నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయిని ఏ చిన్నాన్న దగ్గరికి పంపమంటారు?

ఇంకో సంగతి. 18 నుంచి 21 దాకా, హోము నుంచి బయటికి వచ్చినవాళ్లకి ఆఫ్టర్ కేర్ సాయం అని అదే పథకంలో ఉంది, అదీ నెలకు 4,000. మూడేళ్లకి మనిషికి 1,44,000. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి, మీ కాలనీ డ్రైనేజీ పద్దులోంచి రాదన్నా. చిక్కు ఎక్కడంటే, 2015 నాటి బాల న్యాయ చట్టం 46వ సెక్షన్‌లో బయటికి వెళ్లే పిల్లలకి ఆర్థిక సాయం 'ఇవ్వవచ్చు' అని రాశారు, 'ఇవ్వాలి' అని రాయలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఫైలు పక్కన పెట్టేస్తారు. ఇచ్చినా 4,000తో బెజవాడలో గది అద్దె కట్టి, మూడు పూటలా తిని, ఐటీఐకి వెళ్లడం ఎవరివల్ల అవుతుంది? అందుకే డబ్బుతో పాటు చోటు కూడా కావాలంటున్నాను.

కృష్ణలంక వాసి:
సరే, డ్రైనేజీ మాట వెనక్కి తీసుకుంటున్నా, అది వేరే పద్దని నాకు తెలియదు. కానీ అసలు భయం వేరే ఉంది. బీహార్‌లో ముజఫర్‌పూర్ హోములో ఆడపిల్లల మీద జరిగిన లైంగిక అఘాయిత్యాలు 2018లో బయటపడ్డాయి, గుర్తుందా? అదీ ప్రభుత్వ డబ్బుతో నడిచిందే. మా హాల్లో అలాంటిది జరగదని ఎవరు పూచీ?

స్టేషన్ రోడ్డు:
ఆ భయం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ అది ఎలా బయటపడింది? టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు హోముల్లో సోషల్ ఆడిట్ చేసి, పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడితే బయటపడింది. కాబట్టి హాలు ఇచ్చేటప్పుడే షరతు పెట్టండి, ఏడాదికోసారి బయటివాళ్లు వచ్చి పిల్లలతో వార్డెన్ లేకుండా మాట్లాడాలని, మీ కాలనీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు కమిటీలో ఉండాలని. తలుపు మూసి ఉన్నచోటే అన్నీ జరుగుతాయి.

డబ్బు టైముకి రావడం కూడా ఇందులో భాగమే. మా దగ్గర ఒకసారి గ్రాంటు నెలల తరబడి ఆగిపోయింది. కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం మూసేసి 'ఇక నావల్ల కాదు' అన్నాడు. రోజూ గుడ్డు పెట్టేవాళ్లం, వారానికి రెండుసార్లకి దించాం. జీతాల్లేక ఇద్దరు కేర్‌టేకర్లు మానేశారు. ఆ నెలల్లో రాత్రిపూట ముప్పైమంది పిల్లలకి నేనొక్కడినే. ఏం జరిగినా ఆపగలిగేవాడిని కాదు. టెన్షన్‌తో నిద్రపోలేదు.

గుంటూరు టీచర్:
ముప్పైమందికి ఒక్కరా! సార్, అయితే నా మాట కొంచెం మార్చుకుంటాను. అమ్మమ్మకి డబ్బు, ఎవరూ లేనివాళ్లకి చోటు, రెండూ అడగండి. నా దగ్గర చదివిన అమ్మాయి ఒకతి ఈ మార్చిలో 18 నిండి హోము నుంచి వస్తోంది, నర్సింగ్ సీటు వచ్చింది, ఉండటానికి చోటు లేదు. ఆడపిల్లలకి కూడా ఆ హాలు ఇస్తారా?

కృష్ణలంక వాసి:
ఇద్దరినీ ఒకే హాల్లో ఉంచడానికి కాలనీ ఒప్పుకోదు మేడమ్, ఉన్నమాట చెబుతున్నా. ఆడపిల్లలకైతే చాలామంది తొందరగా సరే అంటారు. నేను కుర్రాళ్ల విషయంలో ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. స్టేషన్ రోడ్డు అన్నా, ఆదివారం సాయంత్రం మళ్లీ కూర్చుంటున్నాం, నువ్వు వచ్చి ఈ మాటలే చెప్పు. కుదిరితే ఆ ఆటోనగర్ కుర్రాడిని కూడా తీసుకురా.

స్టేషన్ రోడ్డు:
వస్తాను. వాడికి ఆదివారం కూడా పని ఉంటుంది, ఆరు దాటాక అయితే తీసుకొస్తా.