పోర్క్ రిబ్స్ గ్రిల్: తీపి గ్లేజ్ మొదటి నుంచీ పూయాలా, చివర్లోనా?

నిప్పురవ్వ:
సోయా సాస్, తేనె, అల్లం, వెల్లుల్లి, కాస్త రైస్ వెనిగర్. ఈ గ్లేజ్‌లోనే రిబ్స్‌ని రాత్రంతా నానబెట్టి, కాలుతున్నంతసేపూ పూస్తూ ఉండమంటారు కొందరు. ఆఖరి పది పదిహేను నిమిషాల్లోనే పూయాలంటారు ఇంకొందరు. నా ఓటు రెండోదానికే. తేనెలోని ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు తిరగడం మొదలవుతుంది. మామూలు పంచదారకి 160 దాకా కావాలి. ఎర్రగా రగిలే బొగ్గుల మీద గ్రిల్ ఊచల వేడి ఈ రెండింటినీ ఎప్పుడో దాటేసి ఉంటుంది. మాంసం మెత్తబడడానికి గంటలు పడుతుంది, తేనె మాడడానికి నిమిషాలు చాలు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఎముకప్రియ:
నేను కాదంటున్నాను. మీ లెక్కంతా బొగ్గుల మీద నేరుగా పెట్టి కాల్చేవాళ్లకి. బొగ్గుల్ని ఒక పక్కకి తోసి, రిబ్స్‌ని రెండో పక్కన ఉంచి మూత పెట్టండి. లోపల 130, 140 డిగ్రీలు ఉంటే తేనె మాడదు, మెల్లగా ముదురుతుంది. అరగంటకోసారి పలచగా పూస్తే పొర మీద పొర కడుతుంది. చివర్లో ఒక్కసారి పూసింది మూతికి అంటుకోవడమే తప్ప మాంసంతో కలిసేది ఎక్కడ?

తొందరరాయుడు:
ఇంత గొడవ దేనికండీ? ముందు కుక్కర్‌లో ఉడకబెట్టేసి, గ్లేజ్ పూసి, పది నిమిషాలు గ్రిల్ మీద తిప్పితే సరి. మెత్తగా ఉంటాయి, మాడవు.

నిప్పురవ్వ:
మెత్తగా ఉంటాయి, నిజమే. కానీ రుచిలో సగం కుక్కర్ నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు పారబోస్తారు కదా! చైనా వంటల్లోనూ రిబ్స్‌ని మరిగే నీళ్లలో వేస్తారు గానీ, అది నురగా మురికీ పోవడానికి కొద్ది నిమిషాలే. ఉడికించడానికి కాదు. టైం లేకపోతే ఫాయిల్‌లో గట్టిగా చుట్టి ఓవెన్‌లో పెట్టండి, వచ్చిన రసం గ్లేజ్‌లో కలుపుకోవచ్చు.

ఎముకప్రియ గారూ, పొరల మాట ఒప్పుకుంటాను. మరి ఉప్పు సంగతి? సోయా సాస్ బరువులో సుమారు 15 శాతం ఉప్పే. పూసిన ప్రతిసారీ నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. నాలుగైదు పూతలయ్యాక అది తీపిని మింగేస్తుంది. పైగా మూత తీసినప్పుడల్లా వేడి పోతుంది.

కొలతలమనిషి:
మీ ఇద్దరూ ఉప్పునీ తీపినీ ఒకే గిన్నెలో పెట్టుకుని కొట్టుకుంటున్నారు. విడదీయండి. ముందురోజు సోయా, వెల్లుల్లి, మిరియాలు మాత్రమే పట్టించండి. ఉప్పుకి లోపలికి వెళ్లడానికి టైం కావాలి, తీపి పైనుంటే చాలు. తేనె కలిపిన గ్లేజ్‌ని వేరే గిన్నెలో తీగపాకం కంటే కాస్త ముందే దించి, చివర్లో పూయండి. పచ్చి అల్లం కూడా రాత్రంతా వద్దు, అందులోని ఎంజైమ్ మాంసం పైభాగాన్ని పిండిలా చేస్తుంది.

ఇంకోటి. పోర్క్ లోపల 63 డిగ్రీలకి చేరి మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమే, కానీ రిబ్స్ అప్పటికి ఇంకా రబ్బరే. మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ చాలావరకు కరిగి మెత్తటి జెలటిన్ అవ్వాలంటే 90 దాకా రావాలి. అక్కడికి వచ్చేదాకా తేనె సీసా మూత తీయకండి.

ఎముకప్రియ:
చార్ సియూ, అదే కాంటన్ తీపి పోర్క్ రోస్ట్, నానబెట్టే మసాలాలో పంచదార ఉంటుందిగా? కాంటన్ వంటవాళ్లకి తెలియదంటారా?

కొలతలమనిషి:
వాళ్లు మాంసాన్ని కొక్కేలకి వేలాడదీసి ఓవెన్‌లో కాలుస్తారు, కింద నుంచి మంట తగలదు. ఆ మెరుపు కోసం మాల్టోజ్ పాకమో తేనో పూసేది చివర్లోనే. అంటే నిప్పు దూరంగా ఉన్నంతవరకు మీ మాట నిజం. కొవ్వు బొగ్గుల మీద కారి మంట లేచిందా, ఇక నిప్పురవ్వ గారి మాటే.

పర్యవేక్షకుడు:
వాదన ఎటు తేలినా ఒక్క విషయం. పచ్చి మాంసం నానిన సాస్‌నే మళ్లీ పూయాలనుకుంటే ముందు బాగా మరిగించండి. వేరేగా తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

తొందరరాయుడు:
ఎముకల వైపు తెల్లటి పొర ఉంటుంది, అది తీయాలా? కుక్కర్‌లో వేసినా సాగుతూనే ఉంది.

ఎముకప్రియ:
తీసేయండి. అది ఉంటే ఏ గ్లేజూ అటువైపు పట్టదు. ఒక మూల చెంచా కాడతో లేపి, టిష్యూతో గట్టిగా పట్టుకుని లాగితే మొత్తం ఊడి వస్తుంది.

కొలతలమనిషి గారూ, ఉప్పు ముందు, తీపి తర్వాత అన్నది సబబే. కానీ ఆఖరి అరగంటలో మూడు పలచటి పూతలు వేస్తాను, ఒక్కటి చాలదు. నువ్వుల నూనె మాత్రం దించాకే, లేకపోతే వాసన పొగలో కలిసిపోతుంది.

నిప్పురవ్వ:
మూడు పూతలకి సరే. చివరికి నేరుగా బొగ్గుల మీదకి జరుపుతారా, లేదా?

ఎముకప్రియ:
జరుపుతాను. మూత తీసి, ఒక్కో వైపు నిమిషం. పట్టకారు చేతిలోనే ఉంటుంది.