మామిడి బార్లు అడుగున మెత్తబడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో 24 మందికి మామిడి బార్లు చేయాలండీ. ట్రే 9×13 అంగుళాలు. అడుగు మెత్తబడి ముక్కలు విడిపోతున్నాయి. కొలతలు చెప్తారా?

జవాబు 1: అడుగు పొర ముందు విడిగా కాల్చారా? మైదా 300 గ్రాములు, పంచదార 120, చల్లటి వెన్న 200, చిటికెడు ఉప్పు పొడిపొడిగా కలపండి. మూడింట రెండు వంతులు ట్రేలో గట్టిగా అదిమి, 180 డిగ్రీల్లో 15 నిమిషాలు, అంచులు రంగు తిరిగేదాకా కాల్చండి. గుజ్జు ఆ తర్వాతే.

జవాబు 2: తేడా గుజ్జులోనే ఉండొచ్చు. బంగినపల్లి గుజ్జు 500 గ్రాములకి 3 టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక స్పూను నిమ్మరసం. బుడగలొచ్చేదాకా స్టవ్ మీద ఉడికించాల్సిందే. పచ్చిగా పోస్తే చిక్కబడేలోపే నీరు కిందికి దిగుతుంది. రసాల రకం మామిడి మాత్రం వద్దు, నీరూ పీచూ ఎక్కువ. మిగతా పిండి పైన చల్లి ఇంకో 35 నిమిషాలు.

జవాబు 3: వేడి మీద కోస్తే ఎంత బాగా చేసినా విడిపోతాయి. చల్లారాక 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, 4×6 వరసల్లో కోయండి, లెక్క సరిగ్గా 24. బేకింగ్ పేపర్ అంచులు బయటికి వదిలితే మొత్తం పలకలా పైకి లేస్తుంది. వెచ్చగా ఉండగా డబ్బా మూత పెట్టకండి, ఆవిరికి పైపొర కరకర పోతుంది.